పన్నెండో నంబరు

జూలై 8, సోమవారం

మీరు చెప్పింది తప్పు. నిజం నిలకడ మీద తెలుస్తుందని నలభై మూడేళ్ళు చెప్పారు. వారం రోజులుగా నిజం నిలకడగానే కూర్చుని ఉంది, పాపం. ఎవరూ పలకరించలేదు. అబద్ధం మాత్రం నలభై నిమిషాల్లో మన సంఘంలో ఇల్లిల్లూ తిరిగింది. అదీ ప్రార్థన వేషంలో.

ఇది మీ డైరీ. మార్చి పదమూడు దాకా మీ అక్షరాలు, ఆ తర్వాత తెల్ల కాగితం. కాగితం వృథా అయితే మీకు ప్రాణం ఒప్పేది కాదు కదా, అందుకని రాస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు. మీరు పోయి నాలుగు నెలలైంది. అందరూ నన్ను ధైర్యం గల మనిషి అంటున్నారు. ధైర్యం కాదు. చెయ్యి కింద పడేసుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి కాసేపు మనది కానట్టు ఉంటుందే, అలా ఉంది. మనిషి మొత్తం.

మీ పేజీలు చదివాను. అన్నీ ప్రార్థన గొలుసు లెక్కలే. పాస్టరమ్మ ఒకటో నంబరు. ఆవిడ ఒక విన్నపం రెండో నంబరుకు ఫోన్ చేసి చెబుతుంది, రెండు మూడుకు, మూడు నాలుగుకు. నాది మూడు. గంటలోపు అందరికీ అందాలి, అందరూ మోకరించాలి. రూలు ఒక్కటే: విన్నది విన్నట్టు చెప్పాలి, ఎదురు ప్రశ్నలు వెయ్యకూడదు. ఆఖరున పన్నెండో నంబరు, అంటే మీరు, పాస్టరమ్మకు ఫోన్ చేసి మీకేం అందిందో చదివి వినిపించాలి. ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, ఇక్కడా దిద్దారు. మాట మారకుండా చేరితే టిక్కు, మారితే ఇంటూ. ఫిబ్రవరి తొమ్మిది పేజీలో ఇలా ఉంది: "బయలుదేరినది: నర్సమ్మ తమ్ముడికి పంటి నొప్పి. చేరినది: నర్సమ్మ తమ్ముడికి నోటి క్యాన్సర్. విచారించగా, పన్ను ఎనిమిదో నంబరు దగ్గర ముదిరినట్టు తేలింది. వెనక్కి పంపాను."

నవ్వాననుకుంటాను. నోరు కదిలింది.

మీ స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. గొలుసు పదకొండు దగ్గర ఆగిపోతోంది. చదివి వినిపించేవాళ్ళు లేరు.

పోయిన సోమవారం సాయంత్రం ఐదింటికి రెండో నంబరు నాకు ఫోన్ చేసి, "పిల్లలమ్మ చూసుకునే రెండేళ్ళ పాపకు చెయ్యి కాలింది, ప్రార్థించండి" అంది. పిల్లలమ్మ అంటే మీ పిల్లలమ్మే. ఉద్యోగాలకు పోయే తల్లుల పిల్లలు ఏడుగురిని తన ముందు గదుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసుకుంటూ, ఆదివారం బడిలో చిన్న తరగతికి పాఠం చెప్పే మహాతల్లి. మీరు బుధవారం వచ్చిందంటే చాలు, గడ్డం గీసుకుని వెళ్ళి కథలు చదివి వచ్చే ఇల్లు.

నేను నాలుగో నంబరు నర్సమ్మకు చెప్పాను. విన్నది విన్నట్టే చెప్పాను. తర్వాత బట్టలు మడతపెట్టాను. ఆరు కాకముందే అల్మరాలో మీ ఫోను మోగింది. దానికి చార్జింగ్ పెడుతూనే ఉన్నాను. కోడలు చూస్తుంది, అడగదు, మంచి పిల్ల. మోగి మోగి ఆగింది. తియ్యలేదు. పోయినవాళ్ళకు ఫోన్లు చేసేవాళ్ళతో నాకేం మాటలుంటాయి?

మర్నాడు కూరగాయల దుకాణంలో ఆ వార్త నాకే తిరిగి వచ్చింది, ఒళ్ళు చేసి. పిల్లలమ్మ కోపం పట్టలేక పాప చేతిని వేడి కెటిల్‌కేసి అదిమిందట. ఇదివరకు కూడా చేసిందట. "మీకు తెలీదా టీచరమ్మా? మీ చర్చి వాళ్ళే చెప్పుకుంటున్నారు" అంది దుకాణం ఆవిడ, వంకాయలు తూస్తూ.

చూశారా జనం ఎలాంటివాళ్ళో.

జూలై 9

టీలో పంచదార వెయ్యడం మర్చిపోయాను. కోడలు ఒక గుక్క తాగి మొహం పెట్టాక తెలిసింది. నేను అప్పటికే గ్లాసు ఖాళీ చేశాను.

జూలై 11, గురువారం

నర్సమ్మ వచ్చింది. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఎవరింటికి వెళ్ళినా ముందు నాడి పట్టుకుంటుంది. నాది కొట్టుకుంటోందని నిర్ధారించుకుని కుర్చీలో కూర్చుంది.

"ఏడుగురు పిల్లల్లో ఐదుగుర్ని మాన్పించేశారు వదినా. నేనైతే ఆ పసిదాని కోసం రెండు పూటలు ఉపవాసం ఉన్నాను తెలుసా?"

"ఏమైనా తగ్గావా?"

"నీకన్నీ వేళాకోళాలే. చిన్నపిల్ల చెయ్యి కాల్చడానికి ఆ మనిషికి మనసెలా ఒప్పిందో!"

"ఆవిడ కాల్చిందని నీకెవరు చెప్పారు?"

"ఒకరా ఇద్దరా? అందరూ అంటుంటే అబద్ధమెలా అవుతుంది? నిప్పు లేనిదే పొగ రాదు కదా."

"ఎందుకు రాదు? ఏటేటా తొమ్మిదో తరగతికి రప్పించాను. ఒక సీసాలో అమ్మోనియా, ఇంకో సీసాలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్. రెండూ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటాయి. మూతలు తీసి పక్కపక్కన పెట్టు, బల్లంతా తెల్లటి పొగ. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు."

"అది మీ ల్యాబు. ఇది లోకం." నా కళ్ళలోకి చూసి, "అయినా కెటిల్ మాట ముందు అన్నది నువ్వేగా?" అంది.

"నేనా?"

"నువ్వే. 'ఆ ఇంట్లో కెటిల్ తీగ వేలాడుతూ ఉంటుంది, నా కళ్ళతో చూశాను' అన్నావు. సైన్సు టీచరు చూశానంటే నేను కాదంటానా? నీ మాట చెప్పి, ఆవిడకు కాస్త కోపమెక్కువ అని మాత్రం నేను కలిపాను. అంతే. అది నిజమేగా. పోయినేడు పిల్లల నాటకంలో నా మనవడికి గొర్రె వేషం ఇచ్చి, ఇదేమిటంటే నా మీద కసిరింది."

ఆవిడ వెళ్ళాక సోమవారం పేజీ మళ్ళీ చదివాను. చిన్న సవరణ. విన్నది విన్నట్టే చెప్పి, చివర చూసింది చూసినట్టు ఒక ముక్క చేర్చాను. చూసింది చెప్పడం అబద్ధమవదు. కెటిల్ ఉంది. తీగ వేలాడింది. చూశాను.

జూలై 14, ఆదివారం

మందిరంలో పాప కోసం పావుగంట ప్రార్థన. కన్నీళ్ళు, చేతులెత్తడాలు, ముక్కు చీదడాలు. మన సంఘం ఇంత ఏకమనస్సుతో మోకరించడం నేను చూడలేదు. కప్పు కురుస్తున్నప్పుడు కూడా ఇంత ఆసక్తి లేదు.

పిల్లలమ్మ ఆఖరి వరసలో కూర్చుంది. ఆవిడకు అటూ ఇటూ రెండేసి కుర్చీలు ఖాళీ. చిన్న తరగతిని తాత్కాలికంగా వేరొకరికి ఇచ్చామని పాస్టరు గారు ప్రకటించారు. తాత్కాలికంగా అనే మాటను ఆయన రెండుసార్లు అన్నారు. ఒకసారి అని ఉంటే నమ్మేదాన్నేమో.

అయ్యాక గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. చేతిలో గొడుగు. ముడిచిందే, మళ్ళీ ముడుస్తోంది.

"టీచరమ్మా, ఒక్క మాట. మీరు మా ఇంటికొచ్చారు కదా. కెటిల్ ఎక్కడుంటుందో మీరు చూశారు. మీరు చెబితే వింటారమ్మా వీళ్ళు. నేను చెబితే... నేను చెబితే ఏముంది, దొంగ తాను దొంగనంటుందా అంటారు."

నేను చెప్పులు వేసుకుంటున్నాను. ఎడమకాలిది కుడికాలికి వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాను.

"నాకు సరిగ్గా గుర్తులేదమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. తల ఊపింది. "పర్లేదమ్మా. పెద్దవాళ్ళు" అంది.

జూలై 15

గుర్తులేదు అన్నాను. ప్రభువును ఎరగనన్న శిష్యుడికి కూసినట్టు నాకు కోడి ఏమీ కుయ్యలేదు. ఈ వీధిలో కోళ్ళు లేవు.

జూలై 17, బుధవారం

బీపీ చూపించుకోవడానికి క్లినిక్‌కు వెళ్ళాను. కౌంటరు దగ్గర చీటీలు రాసే అమ్మాయే ఆ పాప తల్లి. నా పేరు రాస్తుంటే, ఊరికే ఉండలేక, అడిగాను.

"పాప చెయ్యి ఎలా ఉందమ్మా?"

"మానుతోందండీ. పొక్కు ఎండింది."

"కెటిల్ సెగ అంత త్వరగా మానదు. ఎండ తగలనివ్వకు."

కలం ఆగింది. అటూ ఇటూ చూసి, చీటీ మీదికి వంగి, చీటీకి చెబుతున్నట్టు చెప్పింది. "కెటిల్ కాదండీ. ఇస్త్రీ పెట్టె. మా ఇంట్లోనే. పొద్దున డ్యూటీకి టైమైపోతోందని కోటు ఇస్త్రీ చేసి పెట్టె నేల మీద పెట్టాను. వెనక్కి తిరిగేలోపు... మందు రాసి, పిల్లలమ్మ గారి దగ్గర దింపేసి వచ్చేశాను. ఏమైందో చెప్పడానిక్కూడా ఆగలేదండీ. ఆవిడే కట్టు విప్పి చూసి, పాపనెత్తుకుని ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు."

"మరి ఆ మాట ఎవరికీ చెప్పలేదేమమ్మా?"

"ప్రార్థన అడిగింది నేనేనండీ, పాస్టరమ్మ గారిని. ఎలా కాలింది అని ఆవిడ అడగలేదు. ఎవ్వరూ అడగలేదు. అందరూ ప్రార్థన చేస్తున్నాం, ప్రార్థన చేస్తున్నాం అన్నారు." చీటీ చివర మడతపెట్టి విప్పింది. "రెండోరోజుకల్లా మా అత్తగారికి కెటిల్ అని తెలిసింది. పాపను అక్కడ మాన్పించేశారు. కాదు అంటే, మరేంటో చెప్పాలి కదండీ. ఎవరు పుట్టించారో గానీ ఆ కెటిల్ మాట, నాకు... నాకు సాయమే చేసిందండీ. అది తల్చుకుంటే ఏడుపొస్తుంది."

నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టారు. నూట నలభై. మామూలే అన్నారు.

జూలై 18

కెటిల్ గురించి.

ఆ ఇంటికి నేను వెళ్ళింది ఒకే ఒక్కసారి. మార్చి పదమూడు, బుధవారం. మీరు కథ చదువుతూ చదువుతూ పక్కకు ఒరిగారని ఫోన్ వస్తే వెళ్ళాను. మీరు కూర్చున్న కుర్చీ పిల్లలదే, ఎర్ర ప్లాస్టిక్‌ది, పక్కన బోర్లా పడి ఉంది. మీరు చాప మీద ఉన్నారు. పిల్లలమ్మ మీ కాళ్ళ దగ్గర కూర్చుని, వేడినీళ్ళ సంచీ అరికాళ్ళకు ఆనించి, రెండు చేతులతో పట్టుకుని ఉంది. చల్లబడుతున్నాయి అమ్మా, చల్లబడుతున్నాయి అంటోంది. పక్కగదిలో ఏడుగురు పిల్లలు వరసగా గోడకానుకుని, కిక్కురుమనకుండా.

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎటు చూడాలో తెలియలేదు. పొట్టి బల్ల మీద కెటిల్ ఉంది. తీగ వేలాడుతోంది. దాన్ని చూశాను. అంబులెన్సు వచ్చేదాకా దాన్నే చూశాను. దాని పైన, గోడకు, నా తలకంటే ఎత్తులో ఒక అర ఉంది. అర మీద గుండ్రటి మరక. కెటిల్ రోజూ ఉండే చోటు అది. అదీ చూశాను.

మీ కాళ్ళు ఆవిడ పట్టుకుంది. నేను కెటిల్‌ను చూశాను.

తర్వాత సమాధి దగ్గర ఆవిడ వెక్కి వెక్కి ఏడిస్తే అందరూ ఆవిణ్ణి పట్టుకుని ఓదార్చారు. నాకు కళ్ళు పొడిగా ఉన్నాయి. భార్య ఎవరో తెలియనివాళ్ళు ఎవరైనా వచ్చి ఉంటే పొరబడేవారు. అప్పుడు అనుకున్నాను, నాకేమీ అనిపించలేదని.

అనిపించినట్టుంది.

జూలై 20, శనివారం

నిన్న పొద్దున పాస్టరమ్మకు చెప్పి గొలుసులో ఒక దిద్దుబాటు పంపించాను. "పాప చెయ్యి పిల్లలమ్మ ఇంట్లో కాలలేదు. కెటిల్ మాట నిజం కాదు." చిన్న వాక్యాలు, తేలికైనవి, ఎవరైనా మొయ్యగలిగేవి. ఈ సాయంత్రానికి ఆరో నంబరు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆరో నంబరుకు ఫోన్ చేసి అడిగితే, "చెబుదామనే ఉన్నానండీ, ఇందులో తొందరేముంది?" అంది. అదే మనిషి అప్పుడు తడి చేతులతో ఫోన్ ఎత్తి అవతలికి అందించింది.

మనవరాలు సోఫాలో పడుకుని వింటోంది. "నానమ్మా, 'అది నిజం కాదంట' అనేదాన్ని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తారా? బోరు."

"ఎందుకు బోరు?"

"అందులో మనం చెయ్యడానికేం లేదు కదా."

పంతొమ్మిదేళ్ళ పిల్ల, రోజూ మంచం మీదే తిని అక్కడే ప్లేటు వదిలేసే పిల్ల, పాస్టరు గారు నలభై ఆదివారాల్లో చెప్పలేనిది చెప్పింది. నిజం పూర్తయి వస్తుంది. అందులో మనకు పనుండదు. అబద్ధం సగమే వస్తుంది, మిగతా సగం మనల్నే పెట్టమంటుంది. నేను కళ్ళు పెట్టాను, నర్సమ్మ కోపం పెట్టింది, ఎవరో "ఇదివరకు కూడా" పెట్టారు. ఎవరి సీసా వాళ్ళకు నీళ్ళలాగే కనిపించింది. అందరికీ అందులో వాటా ఉంది కాబట్టి అందరికీ దాని మీద అంత ఆపేక్ష. పైగా మోకాళ్ళ మీద ఉన్నామాయె, తప్పు చేస్తున్నామని ఎలా తోస్తుంది? పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకవద్దని ఆజ్ఞ. పలకలేదు, ప్రార్థించాం.

ఇంత రాశాక మనసు తేలికపడాలి కదా. పడలేదు. అర్థం చేసుకోవడం కూడా ఒక రకంగా కూర్చుని ఉండటమే. సోమవారం నుంచి నడుస్తాను. అది ఏయే ఇళ్ళకు ఏ వరసలో వెళ్ళిందో ఆయా ఇళ్ళకు, అదే వరసలో.

జూలై 22, సోమవారం

మొదట నర్సమ్మ ఇల్లు. గుమ్మంలోనే చెప్పేశాను. నాడి పట్టుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"కెటిల్ మాట నాది. తప్పు. ఆ ఇంట్లో అది ఎప్పుడూ ఎత్తున అర మీదే ఉంటుంది. నాకు తెలుసు. తెలిసే అన్నాను."

"అయితే నేను అబద్ధాలు మోశానంటావా వదినా? ఉపవాసం ఉండి మరీ?"

"నేను నెత్తికెత్తాను, నువ్వు మోశావు. ఎత్తినదాని తప్పే పెద్దది. దింపడానికి వచ్చాను."

"మరి పాప చెయ్యి ఎక్కడ కాలిందంటావ్?"

"ఎదురు ప్రశ్నలు వెయ్యకూడదని మన రూలు. అప్పుడు పాటించావుగా, ఇప్పుడూ పాటించు."

ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పలేదు. అది ఆ తల్లి చెప్పుకోవలసింది. నా అబద్ధాన్ని కడుక్కోవడానికి ఇంకొకరి నిజాన్ని నీళ్ళలా వాడకూడదు కదా.

నర్సమ్మ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేస్తుందనుకున్నాను. చెప్పులు వేసుకుని వచ్చింది. "పద. ఏడో నంబరు వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మధ్యలో పడితే నేనే చూడాలి." మెట్ల మీద సగం దాకా నన్ను తిట్టింది. మిగతా సగం కమ్మీ పట్టుకుని రొప్పుతూ ఎక్కింది. ఏడో నంబరు తలుపు తియ్యగానే నాకంటే ముందు తనే అంది, "కోపమెక్కువ అన్నది నేను. గొర్రె వేషం కోసం అన్నాను."

ఈరోజు ఐదు ఇళ్ళు. ఇద్దరు టీ ఇచ్చారు. ఒకరు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఒకావిడ, "పోనీలెండి, ఇంకోసారి అలాంటిది జరక్కుండా ఆవిడకు బుద్ధొస్తుంది" అంది. అరగంట చెప్పాను. ఆఖరుకు మళ్ళీ అదే అంది. అందరి దగ్గరా దిగదని అర్థమైంది. అయినా చెప్పాలి.

జూలై 23, మంగళవారం

మిగిలిన మూడు ఇళ్ళు. ఆఖరున పదకొండో నంబరు, కళ్ళద్దాల షాపాయన. ఎవరివో అద్దాలు తుడుస్తూ అంతా విన్నాడు.

"నాకు అప్పుడే అనుమానం వచ్చిందమ్మా. మరీ అంత దారుణమా అని. అందుకే సార్‌కు ఫోన్ చేశాను."

"ఏ సార్‌కు?"

"మన సార్‌కేనమ్మా. పన్నెండో నంబరు. పన్నెండేళ్ళ అలవాటు. తేడాగా అనిపిస్తే ఆయన పట్టుకుంటాడు కదా అనే ధీమా. మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, సార్ లేరు కదా అని." అద్దాలు వెలుతురుకు పెట్టి చూశాడు. "పాస్టరమ్మకు నేనే చేసి ఉండాల్సింది. కానీ అది నా పని కాదనుకున్నాను."

నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నాడి కోసం కాదనుకుంటాను.

ఆరు కాకముందే అల్మరాలో మోగింది అదే. నేను పుట్టించిన మాట గొలుసంతా తిరిగి, ఎనిమిదిమంది చేతుల్లో ముదిరి, మా ఇంటికే వచ్చి, ఎత్తు, చూసుకో, ఇది నీదేనా అని అడిగింది. పది అడుగుల దూరంలో ఉన్నాను. దిండుగలీబు మడతపెడుతున్నాను.

జూలై 24, బుధవారం

పొద్దున పదింటికి పిల్లలమ్మ ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఏడు ఎర్ర కుర్చీలు, ఇద్దరు పిల్లలు. కెటిల్ అర మీద ఉంది.

దారిలో కూర్చుకున్న వాక్యాలన్నీ గుమ్మం దాటగానే పోయాయి. "ఆ మాట నేనే అన్నానమ్మా" అన్నాను.

"తెలుసు టీచరమ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? కెటిల్ కిందికి దిగింది ఆ ఒక్కరోజే. నీళ్ళ సంచీలోకి వేడినీళ్ళు కావాలని దింపాను. అప్పుడు ఆ గదిలో చూసే స్థితిలో ఉన్నది మీరొక్కరే."

"మరి గేటు దగ్గర నన్ను అడిగావుగా?"

"మీరే చెబుతారేమో అని అడిగాను."

కూర్చోమనలేదు. నేనే ఒక ఎర్ర కుర్చీలో కూర్చున్నాను. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఒక పిల్ల నన్ను చూసి నవ్వింది.

"క్షమించమని అడగడానికి వచ్చాను."

"క్షమిస్తానమ్మా. క్షమించక ఏం చేస్తాను, వారం వారం పిల్లలకు నేర్పేది అదేగా. కానీ ఇప్పుడే రావట్లేదు. కొంచెం టైమివ్వండి." చీర కొంగుతో ఒకడి ముక్కు తుడిచింది. "అది నా తిప్పలు. మీరు చెయ్యాల్సింది వేరే ఉంది. ఇళ్ళకెళ్ళి చెప్పారట, విన్నాను. మంచిది. నా తరగతి తీసేసింది మాత్రం మైకులో. మైకులో చెబుతారా?"

"చెబుతాను."

లేవబోతుంటే అంది, "సార్ ఆరోజు చదివిన పుస్తకం అక్కడే ఉంది. సగంలో ఆగింది. వీళ్ళు ఇంకా అడుగుతుంటారు." కిటికీ పక్కన ఉంది. మధ్యలో గుర్తుకు మీ ప్రెస్సు కాగితం ముక్క. తియ్యలేదు. ముట్టుకున్నాను.

తిమ్మిరెక్కిన చెయ్యి దారికొచ్చేటప్పుడు ముందు సూదులు గుచ్చుతాయి. మోచేతి దాకా వచ్చింది. ఇంకా పైకి రాలేదు.

జూలై 28, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచాను. మైకు చేతికిస్తూ పాస్టరు గారు నన్ను కాపాడబోయారు. "మన టీచరమ్మ గారు అనుకోకుండా దొర్లిన ఒక చిన్న మాట గురించి..."

"అనుకునే అన్నానండీ. చిన్నది కూడా కాదు" అన్నాను. మైకు కూతపెట్టింది.

చెప్పింది కొంచెమే. పాప చెయ్యి ఆ ఇంట్లో కాలలేదు. కెటిల్ మాట పుట్టించింది నేను. అసూయతో పుట్టించాను. ఈవిడ నా భర్త కాళ్ళు పట్టుకుని కూర్చున్న రోజు చూసిన కెటిల్‌ను ఈవిడ మీదికే విసిరాను. ఈవిడ తరగతి ఈవిడకు ఇచ్చెయ్యండి. గొలుసులో మూడో నంబరు ఇంకెవరికైనా ఇవ్వండి. నాకు పన్నెండు కావాలి. వచ్చిన మాట పాస్టరమ్మకు చదివి వినిపిస్తాను. మారితే, ఎవరి దగ్గర మారిందో వాళ్ళింటికి వస్తాను, టీ పెట్టి ఉంచండి.

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి నర్సమ్మ ఒక్కతే ఆమెన్ అంది, కొంచెం ఆలస్యంగా.

పిల్లలమ్మ నా వైపు చూడలేదు. వెళ్ళేటప్పుడు గొడుగు తెరిచి, నా మీదికి కూడా పట్టింది. వాన పెద్దదేం కాదు.

జూలై 29, సోమవారం

పాప తిరిగి వచ్చిందట. వాళ్ళమ్మే దింపిందట, అత్తగారితో ఏం చెప్పిందో ఏమో. ఇప్పుడు ముగ్గురు. నాలుగు కుర్చీలు ఇంకా ఖాళీ. అందులో రెండు ఎప్పటికీ నిండవేమో అంది నర్సమ్మ. ఆ రెండూ నావే.

సాయంత్రం మీ ఫోను మోగింది. తీశాను. "టీచరమ్మా, ఆరో నంబరు వాళ్ళ అబ్బాయికి పరీక్షలు, ప్రార్థన చెయ్యండి" అన్నాడు అద్దాలాయన. పాస్టరమ్మకు చేసి చదివాను. అక్షరం మారలేదు. మీ పేజీల్లో లాగే రాసి టిక్కు పెట్టాను. మీ టిక్కు అంత బాగా రాలేదు.

మీ మాట సగం సరే, ఒప్పుకుంటాను. నిజం తెలుస్తుంది. కాకపోతే నిలకడ మీద కాదు, ఎవరో ఒకరు చెప్పులేసుకుంటే.

రేపటి పని, మర్చిపోతానని రాసుకుంటున్నాను. మీ ఫోను చార్జరు తీగ మెడ దగ్గర చిట్లింది. మనవరాల్ని తీసుకెళ్ళి కొత్తది కొనాలి. ఎల్లుండి బుధవారం పది గంటలకు పిల్లలమ్మ ఇంట్లో, ఆ సగం పుస్తకం దగ్గర ఉండాలి, ఫోను కూడా వెంట తీసుకెళ్ళాలి కాబట్టి రేపే కొనాలి. పొడుగు తీగది వద్దు. పొట్టిది తీసుకోవాలి. బల్ల మీద నుంచి వేలాడకూడదు.